తన్నే తుపాకీ

నాకు పదిహేనేళ్ళు నడుస్తున్నప్పుడు కుడి భుజం కింద, ఎముక పక్కన, వంకాయ రంగు మచ్చ ఒకటి ఉండేది. పుట్టుమచ్చ కాదు. ప్రతి ఆదివారం పొద్దున మా నాయిన తుపాకీ దాన్ని కొత్తగా వేసేది. బుధవారానికి ఆకుపచ్చగా మారి, శనివారానికి పసుపు తేలి, ఇక పోతుందిలే అనుకునేసరికి మళ్ళీ ఆదివారం వచ్చేది. ఆ మచ్చను దాచడానికి పడిన పాట్లు చదువు కోసం పడి ఉంటే ఏ కలెక్టరమ్మనో అయ్యేదాన్ని.

నొప్పిని ఓర్చుకునే ధీరురాలిని కాబట్టి దాచానని ఎవరూ అనుకోవద్దు. తెలిస్తే నాయిన నన్ను వెంట తీసుకుపోవడం మానేస్తాడని దాచాను. ఆదివారం పొద్దున ఆయన సైకిలు వెనక కూర్చుని పోయే ఆ గంట తప్ప ఆ రోజుల్లో నాకు సొంతమంటూ ఏమీ లేదు. అది పోతుందన్న భయం ముందు భుజం నొప్పి ఏపాటిది?

అది అరవై తొమ్మిదో సంవత్సరం. ప్రత్యేక తెలంగాణ కావాలని విద్యార్థులు తరగతులు వదిలి రోడ్ల మీదికి వచ్చారు. మా బడికి తాళం పడింది. మొదటి వారం సంబరపడ్డాను. రెండో వారం కంటినిండా నిద్రపోయాను. మూడో వారానికి మా అమ్మ నా చేతికి చీపురు ఇచ్చింది. బడి ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు కాబట్టి ఆ చీపురు ఎప్పుడు దించాలో కూడా ఎవరికీ తెలియలేదు.

మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్ళం. ముందర బట్టల దుకాణం, వెనక రెండు గదుల ఇల్లు. ఇప్పుడు మెట్రో స్తంభాల కింద కాలు పెట్టడానికి సందు లేని ఆ రోడ్డు మీద అప్పుడు మధ్యాహ్నం పూట బస్సు వస్తే తలెత్తి చూసేవాళ్ళం. ఎల్బీ నగర్ వైపు ద్రాక్ష తోటలు, అవి దాటితే రాళ్ళ గుట్టలు, తుప్పలు. మా నాయిన పోచంపల్లి పక్క పల్లెలో మగ్గం మీద పుట్టి పెరిగిన మనిషి. మగ్గం వదిలి దుకాణం పెట్టాడు కానీ చేతివేళ్ళు మాత్రం మగ్గాన్ని వదల్లేదు. ఏ బట్ట కనబడినా రెండు వేళ్ళ మధ్య నలిపి చూడందే ఊరుకునేవాడు కాదు. ఒకసారి బస్సులో ముందు సీటాయన చొక్కా కాలరు అలాగే నలిపి చీవాట్లు తిన్నాడు.

అలాంటి మనిషికి వేట పిచ్చి ఎక్కడ అంటుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చితికిపోయిన ఒక దొర కుటుంబం దగ్గర పాత రైఫిలు కొన్నాడు. త్రీ ఫిఫ్టీన్ అనేవాడు దాన్ని, ఇంటి అల్లుడి పేరు చెప్పినంత మర్యాదగా. లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆదివారం దుకాణం మూసి పందుల వేటకు పోయేవాడు. పోచంపల్లి నుండి వచ్చిన చుట్టాలు, "మగ్గం మనిషికి వేటేందయా, కండెతోని కొడుతవా పందిని?" అని నవ్వేవాళ్ళు. నాయిన కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఆదివారం మళ్ళీ పోయేవాడు.

నన్ను తీసుకుపోవడానికి కారణం పట్నంలో ఏటా పెట్టే ఎగ్జిబిషన్. ఆ ఏడు గొడవలు ముదరకముందే వెళ్ళాం. అక్కడ ఛర్రా తుపాకీతో బుగ్గలు, అంటే బెలూన్లు, పేల్చే అంగడిలో నేను వరసగా ఏడు బుగ్గలు పేల్చాను. ఎనిమిదోసారికి అంగడివాడు నా చేతిలోంచి తుపాకీ లాక్కుని, "చాలమ్మా, పో" అన్నాడు. నాయిన మొహం చూడాలి అప్పుడు. దారి పొడుగునా ఎవరు కనబడినా ఆ ఏడు బుగ్గల సంగతి చెప్పాడు. ఇంటికి వచ్చేసరికి అవి పన్నెండయ్యాయి. బడి మూతపడగానే, "ఇంట్ల ఊకె కూసుండి ఏం జేస్తవ్, ఐతారం నాతోని రా" అన్నాడు. అమ్మ నోరు తెరిచేలోపే నేను సైకిలు ఎక్కి కూర్చున్నాను.

మేము పోయేది నాగోలుకు. అక్కడ మూసీ పక్కన గుంటూరు నుండి వచ్చిన ఒక రైతు భూమి కౌలుకు తీసుకుని పల్లి వేశాడు. నాయిన దుకాణంలో బట్టలు కొనడానికి వస్తూ స్నేహితుడయ్యాడు. నదిలో జమ్ము లోంచి తెల్లవారుజామున పందుల మంద వచ్చి చేనును కుళ్ళగించి పోయేది. అసలే ఆయనకు ఆ ఏడు దినదిన గండంగా ఉంది. "మీవాళ్ళు మమ్మల్ని పొమ్మంటున్నారండి. మనుషులు పొమ్మనకపోయినా ఈ పందులు పొమ్మనేట్టున్నాయి" అనేవాడు. నాయిన జేబుకు నల్లబిళ్ళ పెట్టుకుని ఊరేగింపుల్లో నడిచిన మనిషే. ఆ బిళ్ళతోనే, "నీ చేను సంగతి నేను జూస్తగదా, నువ్వు పరేషాన్ గాకు" అని మాటిచ్చాడు. అమ్మ ఎత్తిపొడిచింది, పొద్దున జై తెలంగాణ, మాపు గుంటూరాయనకు కావలి, ఇదేం లెక్క అని. "రాష్ట్రం సంగతి వేరే, పల్లి చేను సంగతి వేరే" అన్నాడు నాయిన. ఆయనకు అందులో తిరకాసేమీ కనబడలేదు. నాకు కూడా కనబడలేదు.

మొదటి ఆదివారం చేను గట్టుకు కాగితం ఆనించి, బొగ్గుతో సున్నా గీసి, నా చేతికి రైఫిలు ఇచ్చాడు. ఛర్రా తుపాకీ దాని ముందు చీపురుపుల్ల. భుజానికి ఆనించే చెక్కను కుందా అంటారు. ఆ కుందా నా చేతులకు ఎంత పొడుగంటే, ట్రిగ్గరు అందాలంటే మెడ ముందుకు సాచి, ఒళ్ళు వెనక్కి వంచి నిలబడాల్సి వచ్చింది.

"గట్టిగ పట్టకు బిడ్డా" అన్నాడు నాయిన. "దారం బిగదీస్తె జర్ర గుంజితె సాలు, తెగుతది. ఢీలగ ఇడిస్తె ఎంత గుంజినా ఏం గాదు. తుపాకి గూడ గంతే. భుజానికి ఆనీ ఆననట్టు పెట్టు."

ఆయన అబద్ధం చెప్పలేదు. పుట్టినప్పటి నుండి నూలు మధ్య బతికిన మనిషికి బిగువు అంటే తెగడం, వదులు అంటే నిలవడం. తను కూడా అలాగే వదులుగా పట్టి కాల్చేవాడు. పెద్ద ఒళ్ళు, మందమైన భుజం, ఆయనకు చెల్లింది. నేను ఆనీ ఆననట్టు పెట్టి మీట నొక్కాను. చెవుల్లో పిడుగు పడింది. భుజం ఊడిపోయిందనే అనుకున్నాను. కింద కూర్చున్నానని కూర్చున్నాకే తెలిసింది.

నాయిన నా మొహంలోకి చూశాడు. నేను పళ్ళు బిగించాను. ఆయన రైతు వైపు తిరిగి, "జూసినవా? ఒక్క చుక్క ఏడ్వలే నా బిడ్డ" అన్నాడు. రైతు కూడా, "అబ్బో, గట్టి పిల్లేనండి" అన్నాడు. ఆ మెప్పుతో నా నోరు కుట్టేసినట్టయింది. ఇంక నొప్పి అని ఎలా చెబుతాను?

తర్వాత ప్రతి ఆదివారం మూడు తూటాలు, నాలుగు తూటాలు. విచిత్రమేమిటంటే రోజులు గడిచేకొద్దీ నా గురి బాగుపడాల్సింది పోయి దిగజారింది. మొదటి వారం కాగితానికి తగిలింది. నాలుగో వారానికి గట్టుకు తగిలితే గొప్ప. ఏడు బుగ్గలు పేల్చిన దాన్ని, ఏమైందో నాకే తెలియలేదు. ఒకసారి కాల్చిన తూటా తీసి కొత్తది ఎక్కించడం మరిచిపోయి మీట నొక్కాను. టక్ మంది, అంతే. తుపాకీ పేలలేదు కానీ గొట్టం కొస ఇంత కిందికి వాలింది, నా రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని ఉన్నాయి.

"కండ్లు మూస్తున్నవ్!" అన్నాడు నాయిన, దొంగను పట్టుకున్నట్టు. "పందిని జూసి గిట్లనే మూస్తవా? భయమైతె ఎట్ల బిడ్డా?"

నాకు పందంటే భయం లేదు. ఆ చెక్కంటే భయం. కొత్త తూటా ఎక్కించాను.

ఆ తర్వాతి ఆదివారమే నిజం పంది ఎదురుపడింది. వెలుగు వచ్చీరాని వేళ, జమ్ము లోంచి మంద బయటికి వచ్చి చేనులో మూతి పెట్టింది. నలభై అడుగులు కూడా లేదు. నాయిన నా వీపు మీద చెయ్యి వేసి, "కొట్టు" అన్నాడు. నేను కళ్ళు మూసి కొట్టాను. తూటా ఎటు పోయిందో దేవుడికి ఎరుక. మంద బెదిరి వెనక్కి పోకుండా చేనుకు అడ్డం పడి పరుగెత్తింది. నాలుగు సాళ్ళు నాశనమయ్యాయి. రైతు వచ్చి పెకలిపోయిన మొక్కలు చేత్తో ఎత్తి మట్టి దులుపుతూ, "పర్లేదమ్మా, చప్పుడికి పోయాయిగా" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆ మంచితనానికి సిగ్గుతో చచ్చిపోయాను.

అమ్మకు దొరికిపోయింది ఆ వారమే. నేను నీళ్ళ బిందె ఎడమ చేత్తో ఎత్తుతుంటే వెనక నుండి చూసింది. అమ్మ పెళ్ళికి ముందు, పెళ్ళయ్యాక, మేము దిల్‌సుఖ్‌నగర్ వచ్చే దాకా ఆసు పోసిన మనిషి. పోచంపల్లి చీరకు రంగు అద్దకముందు, మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పి పోయాలి. ఒక చీరకు చెయ్యి వేలసార్లు పోయి రావాలి. ఆ పని చేసిన ఆడవాళ్ళకు ముప్పై దాటేసరికి భుజం పోతుంది. భుజం నొప్పిని దాచే మనిషి ఎలా కదులుతుందో అమ్మకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

"ఏదీ, కుడి చెయ్యి పైకి లేపు" అంది.

లేపలేకపోయాను. రవిక పక్కకు లాగి చూసింది. నేను కేకలకు సిద్ధపడ్డాను. అమ్మ కేకలు వేయలేదు, "మీ నాయినకు ఎరుకనా?" అంది.

"చెప్పకమ్మా. నీ కాళ్ళు మొక్కుత. తీస్కపోడు."

అమ్మ నా రవిక సర్దింది. ఆ మధ్యాహ్నం దుకాణంలోంచి గుడ్డ ముక్కలు తెచ్చి, నూలు పీచు కుక్కి, అరచేతి మందాన చిన్న మెత్త కుట్టింది. బిడ్డ భుజానికి గరుకు గుడ్డ ఒత్తుకుంటుందని పైన పట్టు ముక్క వేసింది, నెమలి కంఠం రంగుది. మా ఇంట్లో ప్రేమ ఎక్కువైతే పట్టు బయటికి వస్తుంది. రవిక లోపల కాకుండా పైన, ఓణీ కింద పెట్టుకొమ్మని చెప్పింది. ఆ మెత్త చూసి నాకు ఏడుపొచ్చింది. ఇంతకాలం ఒక్కదాన్నే మోసిన దానికి ఇంకొక మనిషి చెయ్యి కలిసింది.

ఆదివారం ఆ మెత్త మీద కుందా పెట్టి కాల్చాను. పట్టు మీద చెక్క ఆగుతుందా? సర్రున పైకి జారి నా దవడకు తగిలింది. కింది పెదవి పళ్ళ మధ్య పడి చిట్లింది. ఓణీ జారింది, రవిక భుజం దగ్గర పక్కకు తొలిగింది, మెత్త మట్టిలో పడింది, నోట్లోంచి కారిన రక్తం రవిక మీద పడింది. నాయిన పరుగున వచ్చి నన్ను పట్టుకుంటూ నా భుజం మీద మచ్చ చూశాడు. మచ్చ వంక చూశాడు, కింద పడ్డ పట్టు మెత్త వంక చూశాడు. ఆయనకు అంతా అర్థమైపోయింది. తుపాకీకి దుప్పటి చుట్టి, నన్ను సైకిలు ఎక్కించి, ఇంటికి తెచ్చాడు. దారంతా ఆయన వీపే నాకు కనబడింది. ఆ వీపు తిరిగి నాతో ఏమైనా అంటే బాగుండునని చూస్తూ కూర్చున్నాను.

మరుసటి ఆదివారం నేను లేచేసరికి సైకిలు లేదు. ఆ తర్వాతి ఆదివారం నేను ముందే లేచి గడపలో నిలబడ్డాను. "ఇంట్ల ఉండు" అన్నాడు నాయిన, నా మొహం చూడకుండా. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. అన్నం పళ్ళెం ఆయన ముందు పెట్టేటప్పుడు చప్పుడయ్యేలా పెట్టాను. ఆయన చొక్కాకు గుండీ ఊడితే కుట్టలేదు. నా కోపం తుపాకీ మీద కాదు. నన్ను తన్నింది తుపాకీ, నన్ను వదిలేసి పోయింది మాత్రం నాయిన.

చివరికి అమ్మ తేల్చింది. ఒక పూట ఆయన తింటుండగా అంది, "మగ్గం తప్పు నడిస్తె వడ్లాయనను పిలిచి బాగుచేయిస్తరు గని నేసేదాన్ని ఇంట్ల కూసొవెడుతరా? తుపాకికి మిస్త్రీ లేడా?"

ఆ వారమే నాయిన నన్నూ తుపాకీనీ సైకిలు ఎక్కించాడు.

మిస్త్రీ మూసారాంబాగ్‌లో ఉండేవాడు. ముసలాయన, జాగీర్దార్ల తుపాకులు బాగుచేసిన చెయ్యి. మేము పోయిన రోజు బంద్. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, గోడల మీద నినాదాలు ఇంకా తడిగా ఉన్నాయి. మిస్త్రీ ఒక తలుపు మూసి ఒక తలుపు తెరిచి పనిచేసుకుంటున్నాడు. నాయిన అంతా చెప్పాడు, చెప్పాల్సిన దాంట్లో సగం మింగుతూ. మిస్త్రీ తుపాకీ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, నన్ను పట్టి చూపించమన్నాడు. నేను నాయిన నేర్పినట్టు ఆనీ ఆననట్టు పట్టాను.

"యా అల్లా" అన్నాడు మిస్త్రీ. "గిట్ల ఢీలా పట్టమని ఎవరు చెప్పిండ్రు బేటీ?"

నేను నాయిన వంక చూడలేదు. నాయిన గోడ వంక చూశాడు.

మిస్త్రీ లేచి వచ్చి తన అరచేతిని నా భుజానికి జానెడు దూరంలో పెట్టాడు. "ఇగో, ఇంత దూరంకెళ్ళి ఉరికొచ్చి గుద్దితె దెబ్బ." తర్వాత అరచెయ్యి భుజానికి పూర్తిగా ఆనించి మెల్లగా నెట్టాడు. "ముందే ఆనుకోని ఉండి నూకితె, నువ్వు జర వెనుకకు జరుగుతవ్. గంతే. తుపాకికి, నీకు నడుమ గాలి గూడ జొరబడొద్దు. ఒంటిని వెనక్కి గాదు, ముందటికి వంచు. తన్నుట్ల సగం భుజానిది గాదు బేటీ, చెవిది. చెవులల్ల దూది పెట్టు, కండ్లు వాటంతటవె తెరుసుకుంటయ్."

ఇంత సులువైన సంగతి ఇన్ని వారాలు ఎవరూ చెప్పలేదే అని నాకు ఒళ్ళు మండింది. మిస్త్రీ ఇంకా ఆగలేదు. నా మోచెయ్యి మడిచి, మడత దగ్గర కుందా పెట్టి, నా చూపుడువేలు ట్రిగ్గరు వైపు చాపించాడు. వేలు ట్రిగ్గరుకు రెండున్నర వేళ్ళ ఇవతలే ఆగింది.

"ఎట్ల పట్టినా ఇది అందదు. కొయ్యాలె" అన్నాడు నాయినతో.

నాయిన ఉలిక్కిపడ్డాడు. ఆ కుందా అక్రోటు చెక్క. ఆయన ప్రతి శనివారం అవిసె నూనె రాసి, పాత ధోవతి ముక్కతో తుడిచి, నీడలో పెట్టేవాడు. నన్ను అంత శ్రద్ధగా తలదువ్వి ఎరగడు. "ఇంకొకటి చిన్నది చెయ్యరాదా?" అన్నాడు.

"చెక్క ఏడ దొరుకుతది సాబ్ ఈ బందులల్ల? ఆర్నెల్లు ఆగుండ్రి." మిస్త్రీ గొంతు తగ్గించాడు. "కోస్తె మీకు పనికిరాదు. చెప్పి కోస్తున్న. ఆలోచించుకోండ్రి."

నేను వద్దందామనే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. కానీ నాలోని ఇంకొకతి, చీపురు పట్టుకుని నిలబడినది, నోరు మూసుకుని ఉండమంది. మూసుకుని ఉన్నాను. నాయిన కుందా మీద అరచెయ్యి ఒకసారి రాసి, "కొయ్యండ్రి" అని బయట సందులోకి వెళ్ళిపోయాడు. రంపం ఆగే దాకా లోపలికి రాలేదు. బంద్ రోజు ఖాళీ రోడ్డు మీద చూడడానికి ఏముందో, అటే చూస్తూ నిలబడ్డాడు.

మిస్త్రీ కోసిన చోట చెక్కలో రెండు రంధ్రాలు తొలిచి, తుపాకీ బరువు తగ్గకుండా సీసపు గుండ్లు పోసి మూశాడు. బరువున్న తుపాకీ తక్కువ తంతుందట. పాత హవాయి చెప్పు అడుగు కోసి చివర అతికించాడు. దాని మీద గొంగడి ముక్క, జారకుండా. పట్టు మెత్త కథ చెబితే ఆయన నవ్వలేదు. "అమ్మ ప్రేమ, ఏమనకు" అన్నాడు.

మిస్త్రీ చెప్పినట్టు పది రోజులు ఒక్క తూటా కాల్చలేదు. ఖాళీ తుపాకీ. ఇంటి వెనక గోడ మీద బొగ్గు చుక్క. గొట్టం కొసన దుకాణంలోంచి తెచ్చిన ఒక గుండీ నిలబెట్టి మీట నొక్కాలి, గుండీ కింద పడకూడదు. మొదటి రోజు ప్రతిసారీ పడింది. అమ్మ బియ్యం ఏరుకుంటూ పక్కనే కూర్చుని, పడినప్పుడల్లా గుండీ ఎత్తి మళ్ళీ పెట్టేది. విసుక్కోలేదు. వేలసార్లు చెయ్యి తిప్పిన మనిషికి అదొక లెక్కా? ఏడో రోజుకు గుండీ కదలడం మానేసింది. నాయిన దుకాణంలోంచి తొంగి చూసి పోయేవాడు.

ఆదివారం ఇంకా చీకటి ఉండగానే ఆయనే వచ్చి, "లెవ్వు" అన్నాడు. నేను ఎప్పుడో లేచి ఉన్నాను.

నాగోలులో రైతు మా కోసం గట్టు మీద గడ్డి పరిచి పెట్టాడు. చెవుల్లో దూది పెట్టుకున్నాను. తూర్పు తెల్లబడుతుండగా జమ్ము కదిలింది. ముందు పెద్దది, వెనక మంద. కుందాను భుజంలోకి లాక్కున్నాను, గాలి చొరబడనంతగా. వేలు ట్రిగ్గరుకు సులువుగా అందింది. ముందుకు వంగాను. నాయిన ఈసారి కొట్టు అనలేదు. నాకు వీలైనప్పుడు నేనే కొట్టాను.

చప్పుడు దూది వెనక ఎక్కడో వినబడింది. తుపాకీ నన్ను వెనక్కి నెట్టింది. దానితో పాటు జరిగి, దానితో పాటు ముందుకు వచ్చాను. నా కళ్ళు తెరిచే ఉన్నాయి. పంది రెండు అడుగులు వేసి పక్కకు ఒరగడం ఆ కళ్ళతోనే చూశాను. రైతు, "పడింది! పడిందండీ!" అని కేక పెట్టాడు.

మిగతా మంద మాత్రం నదికి పోకుండా మళ్ళీ చేనులోకి తిరిగింది. నాయిన చటుక్కున నా చేతిలోంచి తుపాకీ తీసుకుని, తూటా ఎక్కించి, పందుల ముందరి మట్టి గట్టు మీదికి కాల్చాడు. మంద గిర్రున వెనక్కి తిరిగి జమ్ములో పడింది. చేను దక్కింది. నాయిన మాత్రం తుపాకీ దించి, మొహం మీద చెయ్యి పెట్టుకుని, గట్టు మీద కూర్చుండిపోయాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం. కోసిన కుందా ఆయన చేతులకు పొట్టిది. తన్నినప్పుడు బొటనవేలి కణుపు నేరుగా ముక్కు మీద కొట్టింది.

రైతు తడి తువ్వాలు తెచ్చాడు. "ఏం గాలే, ఏం గాలే" అంటున్నాడు నాయిన, మీసాల మీద రక్తం తుడుచుకుంటూ, నవ్వడానికి చూస్తూ.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. తండ్రితో ఎప్పుడూ అలా మాట్లాడి ఎరగను. "ఏం గాలేదంటవేంది? రక్తం గారుతుంటె ఏం గాలేదంటవేంది నాయినా? నొప్పి అయిందా లేదా, చెప్పు!" అని అరిచాను. రైతు రెండడుగులు వెనక్కి వేశాడు.

నాయిన తువ్వాలు దించి నా వంక చూశాడు. "అయింది" అన్నాడు. మళ్ళీ, "శానా అయింది బిడ్డా" అన్నాడు.

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముక్కు దెబ్బకు అందరికీ తిరుగుతాయి. కానీ ఆయన చూపు నా భుజం మీద ఆగింది. చెయ్యి చాపి, ముట్టుకోకుండా, అలాగే గాలిలో ఉంచాడు.

"నీకు గిన్ని ఐతారాలు గిట్లనే అయిందా?"

"ఊఁ."

"మరెందుకు చెప్పలే?"

"చెప్తె నన్ను తీస్కపోవని."

ఆయన తువ్వాలుతో మొహం మొత్తం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నేను పక్కన కూర్చున్నాను. తువ్వాలు లోపలి నుండే మాట వచ్చింది.

"వచ్చే ఐతారం జల్ది లేవాలె."